నూటికి 132: ఊహాకణాల లెక్కల్లో పొంతన

వంద హిగ్స్ బోసాన్లు విచ్ఛిన్నమైతే వాటిలో 132 బాటమ్ క్వార్క్ జంటలుగా మారతాయి. ఈ మాట ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు. కానీ కొలైడర్ భౌతికంలో కొత్తగా అడుగుపెట్టిన విద్యార్థి ఒకరు, మంచి ఉద్దేశంతోనే, ఒక ఫైల్లో ఒక్క అంకె దిద్దితే కంప్యూటర్ సరిగ్గా ఈ జవాబే ఇస్తుంది. హెచ్చరిక రాదు, ఎర్రగీత పడదు.

సంగతి ఇదీ. ప్రపంచమంతా వాడే మ్యాడ్‌గ్రాఫ్ అనే ప్రోగ్రాంతోపాటు వచ్చే ప్రామాణిక నమూనా ఫైల్లో హిగ్స్ వెడల్పు, అంటే అది విచ్ఛిన్నమయ్యే మొత్తం రేటు, 6.38 ఎంఈవీ అని ఉంటుంది. 125 జీఈవీ హిగ్స్‌కు సిద్ధాంతం చెప్పే అత్యుత్తమ విలువ 4.07 ఎంఈవీ. విద్యార్థి ఆ తేడా గమనించి, పాత అంకె తప్పనుకుని 4.07 రాస్తాడు. అదే ఫైల్లో మరోచోట బాటమ్ క్వార్క్ ద్రవ్యరాశి 4.7 జీఈవీ అని ఉంది. హిగ్స్ బాటమ్‌తో ఎంత గట్టిగా ముడిపడుతుందో ప్రోగ్రాం ఆ 4.7 నుంచే తేల్చుకుంటుంది. ప్రాథమిక సూత్రంలో 4.7 పెట్టి చూస్తే బాటమ్ దారి ఒక్కదానికే 5.4 ఎంఈవీ వస్తుంది. మొత్తం 4.07, అందులో ఒక భాగం 5.4! నిజానికి హిగ్స్ స్థాయి శక్తుల దగ్గర బాటమ్ ద్రవ్యరాశి దాదాపు 2.8 జీఈవీగానే పనిచేస్తుంది. 4.07 అనే విలువ అది లెక్కలోకి తీసుకున్నాక వచ్చినది. అంటే పాత 6.38 ప్రకృతితో పొసగకపోయినా తన ఫైల్లోని ఇరుగుపొరుగుతో పొసిగింది. కొత్త 4.07 ప్రకృతితో పొసిగి ఇరుగుపొరుగుతో చెడింది.

హిగ్స్ మనకు తెలిసిన కణం కాబట్టి ఈ తప్పు ఎక్కడో ఒకచోట పట్టుబడుతుంది. జెడ్-ప్రైమ్, డబ్ల్యూ-ప్రైమ్, గ్లూయినో, కృష్ణపదార్థాన్ని మన పదార్థంతో కలిపే మధ్యవర్తి కణం లాంటివి ఇంతవరకు ఎవరికీ కనబడలేదు. వాటి విషయంలో తప్పు దొరికిపోవడానికి కొలిచిన విలువంటూ లేదు. లేని కణం తరఫున సాక్ష్యం చెప్పేవాళ్లుండరు. అందుకే ఊహాకణాల సిమ్యులేషన్‌లో పారామీటర్ల పొంతన అనే విషయం గుమాస్తా పనిలా కనిపిస్తూనే భౌతికం మధ్యకొచ్చి కూర్చుంటుంది.

ఇలాంటి ఫైల్‌ని పారామ్ కార్డ్ అంటారు. మామూలు టెక్స్ట్ ఫైలే. ద్రవ్యరాశులు, కప్లింగ్‌లు (కణాలు ముడిపడే బలాలు), మిశ్రమ మాత్రికలు, వెడల్పులు వరసగా ఉంటాయి. చూసేవాళ్లకు అవన్నీ దేనికది తిప్పుకోదగ్గ మీటల్లా కనిపిస్తాయి. చిక్కంతా ఆ కనిపించడంలోనే ఉంది. వాటిలో నిజంగా స్వతంత్రమైనవి కొన్నే, మిగిలినవి వాటి నుంచి పుట్టేవి. అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది వెడల్పు. ఆయుష్షు తక్కువైన కణం ద్రవ్యరాశి గ్రాఫ్ మీద సన్నని గీతలా నిలబడదు, కొండలా పరుచుకుంటుంది. ఆ కొండ ఎంత వెడల్పుంటే కణం అంత త్వరగా చస్తుంది. కణం ఎన్ని దారుల్లో విచ్ఛిన్నం కాగలదో, ఒక్కో దారికి ఎంత వాటా వస్తుందో, ఆ పద్దులన్నీ కూడితే వచ్చే మొత్తమే వెడల్పు. ఖర్చుల పద్దులు రాయకుండా అడుగున మొత్తం మాత్రం మనకు తోచింది వేసుకుంటే ఆ ఖాతా పుస్తకం ఎలా ఉంటుందో, వెడల్పును చేత్తో రాసిన పారామ్ కార్డ్ అలా ఉంటుంది.

జెడ్-ప్రైమ్ ఉదాహరణ చూద్దాం. మనకు తెలిసిన జెడ్ బోసాన్ కప్లింగ్‌లనే పెట్టుకుని ద్రవ్యరాశి మాత్రం పెంచుకున్న కణం ఇది. దీన్ని 'సీక్వెన్షియల్' నమూనా అంటారు. దీని వెడల్పు ద్రవ్యరాశిలో దాదాపు 3 శాతం. 1 టీఈవీ కణానికి 30 జీఈవీ, 3 టీఈవీ కణానికి 90. ఇప్పుడు ఒకరు ద్రవ్యరాశిని 1 నుంచి 3 టీఈవీకి మార్చి, వెడల్పును 30 దగ్గరే వదిలేశారనుకోండి. కొండ కింది వైశాల్యం వెడల్పుకు విలోమంగా మారుతుంది కాబట్టి, ఎలక్ట్రాన్ జంటలు ఉండాల్సినదానికి మూడు రెట్లు వస్తాయి. లేదా ద్రవ్యరాశి అలాగే ఉంచి కప్లింగ్‌లను సగం చేశారనుకోండి. ఉత్పత్తి నాలుగో వంతవుతుంది. విచ్ఛిన్న దారుల నిష్పత్తి మాత్రం మారదు, ఎందుకంటే అన్ని దారులూ ఒకే లెక్కన తగ్గాయి. కాబట్టి సంకేతం నాలుగో వంతుకు తగ్గాలి. పాత వెడల్పే ఉంచితే పదహారో వంతుకు పడిపోతుంది. మొదటి తప్పు లేని బలాన్ని ఇస్తే, రెండోది ఉన్న బలాన్ని మింగేసింది. లార్జ్ హాడ్రాన్ కొలైడర్ రెండో దశ డేటాతో అట్లాస్ ప్రయోగం సీక్వెన్షియల్ జెడ్-ప్రైమ్ 5.1 టీఈవీ కంటే తేలిక కాదని 2019లో తేల్చింది. అలాంటి పరిమితిని సొంత నమూనాకు అన్వయించుకునేవాళ్లు మూడు రెట్ల తప్పుతో పోల్చుకుంటే, గీత కొన్ని వందల జీఈవీల మేర జరిగిపోగలదు. బతికి ఉన్న సిద్ధాంతానికి చావు ధ్రువపత్రం రాసినట్టే.

వెడల్పు ఎంత గట్టి సాక్షో 2015 డిసెంబర్ 15న సెర్న్‌లో జరిగిన ప్రకటన తర్వాత అందరికీ తెలిసొచ్చింది. రెండు ఫోటాన్ల డేటాలో 750 జీఈవీ దగ్గర చిన్న గుట్ట కనిపించిందని అట్లాస్, సీఎంఎస్ ప్రయోగాలు రెండూ చెప్పాయి. అట్లాస్ డేటాకు బాగా అమరిన వెడల్పు సుమారు 45 జీఈవీ, ద్రవ్యరాశిలో 6 శాతం. సిద్ధాంతకర్తలు వందల వ్యాసాలు రాశారు. వాటిలో ఎన్నో ఈ ఒక్క అంకె దగ్గరే తడబడ్డాయి. ఫోటాన్లుగా, గ్లూయాన్లుగా మారే దారులు క్వాంటమ్ లూప్‌ల గుండా మాత్రమే సాగుతాయి కాబట్టి వాటి పద్దులు బాగా చిన్నవి. మరి 45 జీఈవీ మొత్తం ఎక్కడి నుంచి వచ్చింది? మరేవో పెద్ద దారులుండాలి, ఉంటే అవి వేరే శోధనల్లో బయటపడి ఉండాలి. లేదంటే కప్లింగ్‌లు మన లెక్కల పద్ధతే కూలిపోయేంత పెద్దవై ఉండాలి. 45ను ఫైల్లో రాయడానికి అరనిమిషం చాలు, దానికి పద్దులు చూపించడానికి సిద్ధాంతం మొత్తం కదిలించాలి. 2016 ఆగస్టులో చికాగోలో జరిగిన కణభౌతిక సమావేశం నాటికి డేటా పెరిగి ఆ గుట్టే మాయమైంది. అయినా, గుట్ట మాయమయ్యేలోపు ఎంతమంది తమ పద్దులు కూడి చూసుకున్నారన్నది ఆ వ్యాసాల మందలో మంచీ చెడ్డా ఏరడానికి నాకు తెలిసిన సులువైన కొలమానం.

ఈ రోగానికి మందులు వెతికినవాళ్లు లేకపోలేదు. ఫ్రెంచ్ ఆల్ప్స్‌లోని లెజూష్ అనే ఊళ్లో రెండేళ్లకోసారి కొలైడర్ భౌతికవేత్తలు కలుస్తారు. ఒక ప్రోగ్రాం నుంచి ఇంకో ప్రోగ్రాంకు సంఘటనల వివరాలు ఏ రూపంలో అందించాలన్నది అక్కడ కుదిరిన 2001 నాటి ఒప్పందం. సూపర్‌సిమెట్రీ పారామీటర్లను ఏ వరసలో, ఏ గుర్తులతో రాయాలన్నది 2003లో వచ్చిన ఒప్పందం, దాని విస్తరణ 2008లో. సంఘటనల ఫైల్ రూపం 2006లో కుదిరింది. కణాలకు సంఖ్యా కోడ్‌లు అంతకుముందు నుంచే ఉన్నాయి: హిగ్స్ 25, జెడ్-ప్రైమ్ 32, డబ్ల్యూ-ప్రైమ్ 34, గ్లూయినో 1000021. ఆ తర్వాత ఫైన్‌రూల్స్ వచ్చింది. సిద్ధాంతాన్ని లగ్రాంజియన్ రూపంలో రాసిస్తే అదే కప్లింగ్‌లు తేల్చిపెడుతుంది. 2011లో యూఎఫ్ఓ అనే ఉమ్మడి నమూనా రూపం ఏర్పడింది. ఎగిరే పళ్లాల పేరు పెట్టుకున్నా చేసే పని మాత్రం నేల మీదిదే. అందులో పారామీటర్లను రెండు తరగతులుగా విడదీశారు: బయటి నుంచి ఇచ్చేవి, వాటి నుంచి లోపల లెక్కగట్టుకునేవి. పొంతన విషయంలో ఇదే అతి పెద్ద ముందడుగని నా అభిప్రాయం. కానీ ద్రవ్యరాశులు, వెడల్పులు ఎక్కువ భాగం 'బయటివి' గానే మిగిలాయి. 2014లో మ్యాడ్‌విడ్త్ వచ్చాక వెడల్పు గడిలో అంకెకు బదులు 'ఆటో' అని రాస్తే ప్రోగ్రామే లెక్కగడుతుంది. ఒక్క మాట రాస్తే పోయే తప్పును ఇంకా అంకెలతో చేస్తూ ఉండడానికి కారణం అలవాటే. పాత కార్డ్‌ని కాపీ చేసుకుని ద్రవ్యరాశి మార్చుకోవడం అందరికీ చేతిలో పని.

సూపర్‌సిమెట్రీలో వ్యవహారం ఇంకా ముదురుతుంది. నాలుగు న్యూట్రాలినోలు, రెండు చార్జినోలు, మొత్తం ఆరు ద్రవ్యరాశులు. సరళమైన రూపంలో ఇవన్నీ నాలుగే సంఖ్యల నుంచి వస్తాయి: రెండు గాజినో ద్రవ్యరాశులు, హిగ్సినో పారామీటర్ మ్యూ, టాన్ బీటా. ఎవరు ఎవరితో ఎంత కలిశారో చెప్పే మాత్రికలూ వాటి నుంచే పుడతాయి. చార్జినో ద్రవ్యరాశిని 300 నుంచి 500కు మార్చి మాత్రికను ముట్టుకోకపోతే, కార్డ్‌లో ఉన్న కణం ఏ సూపర్‌సిమెట్రీకీ చెందదు. ఇంకో మాయగుంట ఉంది. లెజూష్ ఒప్పందంలో మాత్రికలను వాస్తవ సంఖ్యలతోనే రాయాలి, అందుకని కొన్ని న్యూట్రాలినోల ద్రవ్యరాశి ముందు ఋణ గుర్తు వస్తుంది. ద్రవ్యరాశి ఋణం కావడమేమిటి, అచ్చుతప్పు కాబోలనుకుని గుర్తు తీసేసేవాళ్లున్నారు. ఆ గుర్తు దశకు సంబంధించిన సమాచారం. తీసేస్తే జెడ్ బోసాన్‌తో ఆ కణం ముడిపడే తీరే మారిపోతుంది. ద్రవ్యరాశి అలాగే ఉంటుంది, విచ్ఛిన్నమయ్యే తీరు మారుతుంది, ఎవరూ గమనించరు.

కొత్త కణాల సంగతి అలా ఉంచి, పాత కణాల అంకెలే పొసగని సందర్భాలున్నాయి. విద్యుత్ బలహీన సిద్ధాంతంలో మూడు సంఖ్యలు ఇస్తే మిగిలినవి వాటంతటవే వస్తాయి. ఫెర్మి స్థిరాంకం, జెడ్ ద్రవ్యరాశి, విద్యుదయస్కాంత కప్లింగ్ ఇస్తే డబ్ల్యూ ద్రవ్యరాశి రావాలి. కప్లింగ్ విలోమాన్ని 137.04గా ఇస్తే ప్రాథమిక సూత్రం నుంచి 80.94 జీఈవీ వస్తుంది. జెడ్ స్థాయిలో సరైన 127.9 ఇస్తే 79.82. కొలిచిన విలువ 80.37 చుట్టూ ఉంది. మ్యాడ్‌గ్రాఫ్ ఫైల్ 132.5 అనే మధ్యేమార్గపు విలువ పెట్టుకుని 80.42 తెచ్చుకుంటుంది. ఆ 132.5 ఎక్కడా కొలిచింది కాదు, మిగతా రెండూ సర్దుకోవడానికి పెట్టింది. దీన్ని చూసి, 'డబ్ల్యూ ద్రవ్యరాశితో సహా నాలుగూ కొలిచిన విలువలే పెట్టేస్తే పోలా?' అనుకోవడం సహజం. మన పంచాంగాల తగువు తెలిసినవాళ్లకు జవాబు వెంటనే తడుతుంది. పూర్వపద్ధతి పంచాంగంలో తిథి ఒక వేళకు ముగుస్తుంది, దృగ్గణితంలో ఇంకో వేళకు. ఏదైనా ఒకటి పట్టుకుంటే పండగ ఏదో ఒక రోజున వస్తుంది. తిథి దీన్నుంచి, నక్షత్రం దాన్నుంచి తీసుకుంటే వచ్చే ముహూర్తం ఏ పంచాంగంలోనూ ఉండదు.

డబ్ల్యూ ద్రవ్యరాశిలో ఒక శాతం కూడా లేని తేడాతో ఏం మునిగిపోయిందని అడగొచ్చు. తక్కువ శక్తుల దగ్గర ఏమీ కాదు. శక్తి పెరిగేకొద్దీ మునుగుతుంది. రెండు డబ్ల్యూలు ఢీకొనే ప్రక్రియలో, లెక్కకు వాడే ఒక్కో రేఖాచిత్రం విడిగా చూస్తే శక్తితోపాటు విపరీతంగా పెరుగుతుంది. అన్నీ కలిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుని అదుపులో ఉంటాయి. హిగ్స్ లేకపోతే సంభావ్యత దాదాపు 1 టీఈవీ దగ్గర హద్దు దాటుతుందని 1977లో లీ, క్విగ్, థాకర్ చూపించిన తర్కానికి పునాది ఈ కొట్టివేతే. ద్రవ్యరాశికీ కప్లింగ్‌కీ మధ్య సిద్ధాంతం పెట్టిన ముడి తెగితే కొట్టివేత అరకొరగా మిగిలిపోతుంది, ఆ మిగులు శక్తితోపాటు పెరిగిపోతుంది. 3 టీఈవీ డబ్ల్యూ-ప్రైమ్‌ను వెతికేవాళ్లు సరిగ్గా అక్కడే వెతుకుతారు. లెక్కల చిత్తుమిగులు కొత్త భౌతికంలా కనిపించే ప్రమాదం అక్కడుంది. అంత జాగ్రత్తగా పెట్టిన ముడిని వెడల్పు సైతం తెంపగలదు. కణానికి సంబంధించిన పదం హారంలో వెడల్పు చేర్చడమంటే కొన్ని రేఖాచిత్రాల్లో మాత్రమే పైస్థాయి సవరణ చేర్చడం. అందుకే డెన్నర్, డిట్‌మైయర్ బృందం ద్రవ్యరాశినే సంకీర్ణ సంఖ్యగా తీసుకుని, దాని నుంచి పుట్టే మిశ్రమ కోణాలను కూడా సంకీర్ణంగానే లెక్కించే పద్ధతి తెచ్చింది. ఇది ఒట్టి అందం కోసం కాదు. జెడ్ ద్రవ్యరాశిని శక్తితో మారే వెడల్పుతో నిర్వచిస్తే 91.1876 జీఈవీ, స్థిరమైన వెడల్పుతో నిర్వచిస్తే దానికంటే 34 ఎంఈవీ తక్కువ. కొలతలో దోషం 2.1 ఎంఈవీ మాత్రమే. ఏ నిర్వచనంతో కొలిచారో చూడకుండా అంకె ఎత్తుకుంటే దోషానికి పదహారు రెట్ల తప్పు ఇంటికి తెచ్చుకున్నట్టు.

ఇంత చదివాక పొంతన లేనివన్నీ పాపాలే అనిపించవచ్చు. కాదు. కృష్ణపదార్థ శోధనల కథ అందుకు ఉదాహరణ. మొదట్లో ప్రయోగాలు మధ్యవర్తి కణాన్ని కనిపించకుండా చేసి, దాని ప్రభావాన్ని ఒకే శక్తి ప్రమాణంలో కుదించి లెక్కలు వేశాయి. కొలైడర్ శక్తి ఆ ప్రమాణాన్ని దాటుతుంటే ఆ కుదింపు చెల్లదన్న విమర్శ వచ్చింది. 2015లో ప్రయోగకారులు, సిద్ధాంతకర్తలు కలిసిన డార్క్ మ్యాటర్ ఫోరం మధ్యవర్తి కణాన్ని బయటకు తెచ్చి సరళీకృత నమూనాలు సిఫారసు చేసింది. ఆ తర్వాత స్థిరపడిన ఒక వెక్టర్ నమూనాలో క్వార్క్‌లతో కప్లింగ్ 0.25, కృష్ణపదార్థంతో 1. ఇక్కడ వెడల్పు మీట కాదు, ఈ కప్లింగ్‌ల నుంచే లెక్కగట్టాలి. కాగితం మీద కూడి చూడండి: భారీ మధ్యవర్తికి ఆరు క్వార్క్‌ల వాటా సుమారు 3 శాతం, కృష్ణపదార్థం వాటా 2.65 శాతం, మొత్తం 5.6 శాతం. ఇది కనిష్ఠ వెడల్పు. మరే దారీ లేదన్న షరతు మీద వచ్చినది. షరతును బహిరంగంగా చెప్పారు కాబట్టి అది తప్పు కాదు, ఒప్పందం. అదే నమూనాలో యాక్సియల్ రకానికి వచ్చేసరికి ఇంకో హద్దు తగులుతుంది. కృష్ణపదార్థ కణం మధ్యవర్తి కంటే ఒక పరిమితిని మించి బరువైతే (కప్లింగ్ 1 అయితే దాదాపు 1.25 రెట్లు) సంభావ్యత హద్దు దాటుతుంది. గ్రాఫ్‌లో ఆ మూలనంతా గీతలు కొట్టి వదిలేస్తారు. ఆ గీతల ప్రాంతంలోనూ ప్రోగ్రాం మాత్రం నిక్షేపంగా అంకెలిస్తూనే ఉంటుంది. సరళీకృత నమూనాల మీద నాకున్న ఫిర్యాదు వేరు. పదేళ్ల వాడకంలో 0.25, 1 అనే అంకెలు సిఫారసు స్థాయి నుంచి ప్రకృతి స్థిరాంకాల స్థాయికి ఎదిగిపోయాయి.

ఒక ప్రోగ్రాం నుంచి ఇంకోదానికి ఫైల్ చేతులు మారేచోట జరిగేవి చిల్లర దొంగతనాలు. ఒక్కొక్కటీ చిన్నదే. బలమైన కప్లింగ్‌ను కార్డ్‌లో 0.118 అని రాస్తారు. ప్రోటాన్ లోపలి పంపిణీ పట్టిక తనతోపాటు 0.130 తెస్తే ప్రోగ్రాం దాన్నే వాడి కార్డ్‌లోని అంకెను పక్కన పెడుతుంది. ఐదు ఫ్లేవర్ల పట్టికలో బాటమ్‌కు ద్రవ్యరాశి లేదు, కార్డ్‌లో 4.7 ఉంది. టాప్ క్వార్క్ ద్రవ్యరాశి ఒక గడిలో, హిగ్స్‌తో దాని ముడిని తేల్చే ద్రవ్యరాశి ఇంకో గడిలో. ఒకటి మార్చి రెండోది మరవడం చాలా తేలిక. టాప్ వెడల్పుకు ప్రాథమిక విలువ 1.49 జీఈవీ, పైస్థాయి సవరణతో దాదాపు 10 శాతం తక్కువ. సవరించిన వెడల్పును, సవరించని విచ్ఛిన్న లెక్కతో కలిపితే టాప్ జంట సంఘటనలు 20 శాతానికి పైగా ఊరికే పెరుగుతాయి. కణం తన కొండకు ఎంత దూరం వరకు 'అసలు కణమే' అని లెక్కించాలన్నది కూడా వెడల్పు గుణిజాల్లోనే ఉంటుంది. మ్యాడ్‌గ్రాఫ్‌లో మామూలుగా 15 వెడల్పులు. కాబట్టి వెడల్పు తప్పయితే కోత కూడా తప్పుతుంది. దీర్ఘాయుష్షు కణాల విషయంలో వెడల్పంటే నేరుగా దూరమే. వెడల్పు 2 × 10⁻¹⁶ జీఈవీ అయితే కణం ఆయుష్షులో కాంతి నడిచే దూరం సుమారు ఒక మీటరు. సున్నాల్లో ఒకటి జారితే విచ్ఛిన్నం డిటెక్టర్ లోపలి పొరల్లో కాక బయటి మ్యుయాన్ గదుల్లో జరుగుతుంది.

అసలు ఒక సంఖ్యగా వెడల్పు అర్థం కోల్పోయే చోటు కూడా ఉంది. అది ద్రవ్యరాశిలో పదో వంతు దాటాక కొండ కొండలా ఉండదు. తక్కువ శక్తి వైపు ప్రోటాన్ లోపల క్వార్క్‌లు దండిగా ఉంటాయి కాబట్టి 5 టీఈవీ కణం సంకేతంలో పెద్ద భాగం శిఖరం దగ్గర కాక ఎడమ వాలులో పడుతుంది. ఉత్పత్తిని విచ్ఛిన్న నిష్పత్తితో గుణించే సులువు లెక్క అక్కడ చెల్లదు.

మరి కాపలా ఎవరిది? నమూనా రాసినవాళ్లదా, ప్రోగ్రాం తయారుచేసినవాళ్లదా, వాడేవాళ్లదా? నమూనా రచయిత స్వతంత్ర పారామీటర్లనే బయటపెట్టి మిగతావి దాచేస్తే తప్పులు సగం తగ్గుతాయి, కానీ సరళీకృత నమూనాలతో ఆడుకునే స్వేచ్ఛ పోతుంది. ప్రోగ్రాం ప్రతిదాన్నీ తనిఖీ చేస్తే కావాలని గీసిన షరతులకు కూడా అడ్డుపడుతుంది. నా మటుకు చివరి బరువు వాడేవాళ్లదే. ఎందుకంటే ఏ అంకెను ఏ ఉద్దేశంతో మార్చారో వాళ్లకు మాత్రమే తెలుసు. జెనీవాలోని కంప్యూటర్ల గుంపులోనైనా, హైదరాబాద్‌లో హాస్టల్ గదిలోని ల్యాప్‌టాప్‌లోనైనా దిగేది అదే ఉచిత ప్రోగ్రాం, అదే కార్డ్. పరీక్ష కూడా ఖరీదైనది కాదు. పూర్తి ప్రక్రియను ఒకసారి నడపాలి. ఉత్పత్తిని విడిగా నడిపి విచ్ఛిన్న నిష్పత్తితో ఇంకోసారి గుణించాలి. సన్నని కణానికి ఆ రెండూ కొద్ది శాతం తేడాలో కలవకపోతే కార్డ్ దగ్గరకు తిరిగి వెళ్లాలి.

మొదట్లోని విద్యార్థి అలా తిరిగి వెళ్లాడనుకుందాం. 4.07 చెరిపేసి 'ఆటో' అంటాడు. బాటమ్ గతిశాస్త్రానికి 4.7 అలాగే ఉంచి, హిగ్స్ ముడికి మాత్రం 2.8 ఇస్తాడు. ఒకే క్వార్క్‌కు రెండు ద్రవ్యరాశులు, కానీ ఈసారి తెలిసి చేసినది. బాటమ్ దారి 1.9 ఎంఈవీకి దిగుతుంది. పూర్తి సిద్ధాంతం చెప్పే 2.4కు అది ఇంకా తక్కువే, ఎందుకంటే గ్లూయాన్ సవరణలు ఈ లెక్కలో లేవు. ప్రోగ్రాం కూడిన మొత్తం 4.07 కాదు, దాని దరిదాపుల్లో కూడా లేదు. దారుల నిష్పత్తులు కలిపి చూస్తాడు. నూటికి నూరు.